కథలో మంచి నాన్న అంటే ఎవరు?

హోస్ట్: నమస్కారం. ఈరోజు మనతో ఉన్నది విజయనగరంలో చాలా ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు. కథల పోటీలకు జడ్జిగా కూడా వెళ్తుంటారు. మాస్టారూ, ఫాదర్స్ డే దగ్గర పడుతోందంటే మీకు టెన్షన్ అట, నిజమేనా?

మాస్టారు: (నవ్వుతూ) నిజమేనమ్మా. కట్టలకు కట్టలు నాన్న కథలు వచ్చిపడతాయి. అన్నిట్లోనూ ఒకడే నాన్న. చిరిగిన బనియను, అరిగిన చెప్పులు. కొడుకు అమెరికాలో ఉంటాడు. ఈయన పోయాక ట్రంకుపెట్టె అడుగున డైరీ దొరుకుతుంది.

హోస్ట్: డైరీ కాకపోతే పాస్‌బుక్కు.

మాస్టారు: ఆఁ, కొడుకు పంపిన డబ్బంతా పైసా కదలకుండా ఉంటుంది అందులో! ఆ మనిషి మంచివాడే, కాదనను. కానీ మొదటి పేరాలోనే ఆయన మంచివాడని తేలిపోయింది. ఇంక కథెందుకు?

హోస్ట్: మరి మీకు నచ్చిన నాన్న ఏ కథలో ఉన్నాడు?

మాస్టారు: మా ఊరాయన కథే చెప్తాను. చాసో గారి, అంటే చాగంటి సోమయాజులు గారి ‘ఎందుకు పారేస్తాను నాన్నా’. డబ్బుల్లేక కొడుకు చదువు మాన్పించిన తండ్రి. ఆ తండ్రే పిల్లాణ్ణి పిలిచి చుట్టలు పట్రమ్మంటాడు. పోయే దారిలో బడి ఉంది.

హోస్ట్: అంటే చుట్టలకు డబ్బులున్నాయి, చదువుకు లేవు!

మాస్టారు: చూశావా, నీకు వెంటనే కోపం వచ్చింది. చాసో గారికి కావలసిందీ అదే. తోటి పిల్లలు ఎక్కడ చూస్తారోనని వాడు పడే సిగ్గు మీదే ఆయన కన్నంతా. తండ్రిని వెనకేసుకురారు, తిట్టరు. చివరికి తండ్రి ఎలాగో డబ్బు సర్దుతాడు. పారేస్తావేమో, జాగ్రత్త అంటాడు. దానికి పిల్లాడి జవాబే కథ పేరు. అంతకుముందు చుట్టలు తెమ్మన్న చెయ్యి కాబట్టే ఆ చేత్తో ఇచ్చిన డబ్బుకి అంత బరువు. మొదట్నుంచీ త్యాగమూర్తి అయ్యుంటే మనకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

హోస్ట్: అంటే నాన్నకి ఏదో ఒక లోపం పెట్టాలంటారా?

మాస్టారు: లోపం అతికిస్తే లాభం లేదు. చెయ్యి ఆడని పరిస్థితి ఉండాలి. చాసో గారిదే ‘ఎంపు’ ఉంది. ముష్టెత్తుకునే ముసలాడు కూతురికి మొగుణ్ణి ఎంచుతాడు. పిల్ల మనసు కుంటివాడి మీద ఉంది. ముసలాడేమో గుడ్డివాణ్ణి చేసుకోమంటాడు. ఎందుకంటే గుడ్డివాడికి ముష్టి ఎక్కువ పడుతుంది!

హోస్ట్: అయ్యో.

మాస్టారు: వినడానికి అలా ఉంటుంది గానీ, ఇంజనీరు సంబంధమా, గవర్నమెంటు ఉద్యోగం సంబంధమా అని మనం బేరీజు వేసుకోమూ? పిల్ల పస్తులుండకూడదన్నదే వాడి బాధ. ఆ ప్రేమ లెక్కల్లో తప్ప ఇంకెక్కడా కనపడదు. నాకు చాలా ఇష్టం ఆ ముసలాడు.

హోస్ట్: కారా మాస్టారి, అదే కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’ కథ గురించి అడగకుండా వదలను. సీతారాముడు మంచి తండ్రేనా?

మాస్టారు: (కాసేపు ఆగి) అరవైల్లో వచ్చిన కథ. అప్పట్నుంచీ జనం కొట్టుకుంటూనే ఉన్నారు ఆ ముగింపు మీద. అందులో ఇద్దరు తండ్రులున్నారని మర్చిపోకు. అప్పల్రాముడు పెద్దమనుషుల ముందు మాటకు కట్టుబడి అప్పు తీరుస్తానంటాడు. పరువైన మనిషి. కానీ ఆ మాట నెగ్గాలంటే ఇంటిల్లపాదీ కంబారితనం, అంటే అప్పు కింద పాలేరు చాకిరీ చెయ్యాలి. ఆయన కొడుకు సీతారాముడు ఆ బతుకు తన కొడుక్కి వద్దని పసివాణ్ణే చంపేస్తాడు.

హోస్ట్: నేనైతే ఒప్పుకోలేను మాస్టారూ. అది ప్రేమంటే నా వల్ల కాదు.

మాస్టారు: ఒప్పుకోకు. ఒప్పుకోమని కారా గారూ అడగలేదు. ఆ పని చెయ్యడానికి ముందు పంచాయితీ ఎంతసేపు నడుస్తుందో చూడు. ఎవరి పొలం ఎలా పోయింది, ఏ అప్పు ఎలా పెరిగింది, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పిస్తారు. కొందరికి విసుగొస్తుంది కూడా. ఆ లెక్కలన్నీ తీసేసి చివరి పేజీ ఒక్కటే రాస్తే వాడు వట్టి హంతకుడు. 

హోస్ట్: ఇప్పుడు రాసేవాళ్లకి ఒక్క మాట చెప్పాలంటే?

మాస్టారు: నాన్న ఏం పని చేస్తాడో రాయండర్రా! సగం కథల్లో ఆయనకు ఉద్యోగమే ఉండదు, ‘నాన్నతనం’ తప్ప. ఆటో నడుపుతాడా, ఫైనాన్సు కిస్తీ ఏ తారీకున కట్టాలి? ఆ తారీకునే కూతురి ఫీజు కూడా పడిందనుకో, రెండింట్లో ఒకటే కట్టగలడు. అక్కణ్ణుంచి ఆయనే నడిపిస్తాడు కథని. డైలాగులు కూడా తగ్గించాలి. మన నాన్నలు ‘నువ్వంటే నాకు ప్రాణం’ అనరు కదా. ‘బండిలో పెట్రోలుందా?’ అంటారు.

హోస్ట్: మా నాన్నగారైతే ‘ఛార్జర్ పెట్టుకున్నావా?’ అంటారు. మాస్టారు చెప్పిన కథలు చదవాలనుకునేవాళ్లు కథానిలయం వెబ్‌సైట్‌లో వెతకండి. శ్రీకాకుళంలో కారా గారు 1997లో పెట్టిన లైబ్రరీ అది, పాత పత్రికల్లోని కథలు స్కాన్ చేసి పెట్టారు. వచ్చే ఎపిసోడ్ అమ్మల మీద. మాస్టారూ, మీరూ రావాలి.

మాస్టారు: అమ్మల కథలా? అవి ఇంకా ఎక్కువ వస్తాయి తల్లీ. నన్నొదిలేయ్.