గ్యాస్ అనే వంతెన ఎంత పొడవు?

అందరికీ నమస్కారం. 2022 చలికాలం జర్మనీలో గడిపినవాళ్లు ఈ గదిలో చాలామందే ఉన్నారు. హీటింగ్ తగ్గించి ఇంట్లో కూడా స్వెటర్లతో తిరిగాం, నేబెన్‌కోస్టెన్ (అద్దెపైన కట్టే హీటింగ్ వగైరా ఖర్చుల) బిల్లు వస్తే కవరు చింపాలంటేనే టెన్షన్. ఆ బిల్లు వెనక ఉన్న కథ చెబుదామని వచ్చాను.

2021లో యూరోపియన్ యూనియన్ రష్యా నుంచి సుమారు 155 బిలియన్ ఘనపు మీటర్ల గ్యాస్ కొంది. బయటినుంచి తెచ్చుకునే గ్యాస్‌లో అది 45 శాతం దాకా ఉంటుంది. ఊళ్లో ఒకే కొట్టులో ఖాతా పెట్టుకున్న ఇంటికి ఆ కొట్టు మూతపడితే ఏమవుతుంది? ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అదే అయింది. యుద్ధానికి ముందు చాలా ఏళ్లు మెగావాట్ అవర్‌కు 20 యూరోల దగ్గర తిరిగిన గ్యాస్ ధర 2022 ఆగస్టులో 300 దాటింది. సెప్టెంబరు 26న బాల్టిక్ సముద్రం అడుగున రష్యా నుంచి జర్మనీకి గ్యాస్ తేవడానికి వేసిన నార్డ్ స్ట్రీమ్ పైపులు పేలిపోయాయి.

అప్పుడు యూరప్ పరుగులు పెట్టింది. జర్మనీ ఏడాది కూడా తిరక్కుండానే, ఆ డిసెంబరుకల్లా విల్‌హెల్మ్స్‌హాఫెన్ రేవులో ఎల్‌ఎన్‌జీ, అంటే ద్రవంగా మార్చి ఓడల్లో తెచ్చే గ్యాస్, దించుకునే టెర్మినల్ ప్రారంభించింది. మనం చలికి వణక్కుండా బయటపడ్డాం, సంతోషమే, కానీ ఆ ఓడలన్నీ ఎక్కడినుంచి వచ్చాయో కూడా చూడాలి. ఎక్కువ ధర ఇచ్చినవాడికే సరుకు. ఆ జులైలో పాకిస్తాన్ పది ఓడల ఎల్‌ఎన్‌జీకి టెండరు పిలిస్తే ఒక్కరూ ముందుకు రాలేదు. అక్కడ గంటల తరబడి కరెంటు కోతలు. నాకు ఇది ఇప్పటికీ మింగుడుపడని విషయం.

ఇక వాతావరణం సంగతి. గ్యాస్‌ను బొగ్గు నుంచి గాలి, సౌర విద్యుత్తుకు చేర్చే వంతెన అంటారు. కాల్చినప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ బొగ్గుతో పోలిస్తే సగమే, నిజమే. కానీ కాలకుండా లీకైన మీథేన్ ఇరవై ఏళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు వేడి పెంచుతుంది కాబట్టి, బావి దగ్గరా పైపు దగ్గరా ఎంత పోతోందో కొలవకుండా గ్యాస్ మంచిదని చెప్పడం కుదరదు. ఈ లీకులు వెతకాలనీ ఆపాలనీ యూరప్ చట్టం చేసింది 2024లో. అంతకు రెండేళ్ల ముందే, 2022 జులైలో, కొన్ని షరతులతో గ్యాస్ ప్లాంట్లను పచ్చని పెట్టుబడుల జాబితాలో చేర్చడానికి యూరోపియన్ పార్లమెంటు అడ్డు చెప్పలేదు. అభ్యంతరం తెలిపే తీర్మానం 278–328 ఓట్లతో వీగిపోయింది. అది తప్పని నా అభిప్రాయం.

వంతెనైతే అవతలి ఒడ్డు ఉండాలి కదా? 2023 అక్టోబరులో షెల్ కంపెనీ ఖతార్‌తో రోటర్‌డ్యామ్‌కు గ్యాస్ తేవడానికి ఒప్పందం చేసుకుంది, 2026 నుంచి 27 ఏళ్లు. కూడి చూడండి, 2053. నెట్ జీరోకు, అంటే గాలిలోకి వదిలే కర్బనాన్నీ వెనక్కి తీసుకునేదాన్నీ సరిసమానం చేయడానికి, యూరప్ చట్టంలో రాసుకున్న గడువు 2050.

గ్యాస్‌ను వదులుకోవడం జరగని పని అనేవాళ్లకు నేను నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ చూపిస్తాను. 1959లో అక్కడ బయటపడిన గ్యాస్‌తో డచ్ ప్రభుత్వానికి దాదాపు 36 వేల కోట్ల యూరోలు వచ్చాయి. పైన కాపురం ఉన్నవాళ్లకు మాత్రం గ్యాస్ తోడడం వల్ల భూకంపాలు, గోడల్లో పగుళ్లు. 2012లో అక్కడి హైజింగె ఊళ్లో 3.6 తీవ్రతతో భూమి కదిలింది. మన కోనసీమవాళ్లకు ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు, 2014 జూన్‌లో నగరం అనే గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఎంతమంది పోయారో మీకు తెలుసు. గ్రోనింగెన్‌వాళ్లు ఏళ్ల తరబడి వీధుల్లోకి వచ్చారు. వాళ్ల మొరను ప్రభుత్వం పట్టించుకోలేదని చివరికి పార్లమెంటు విచారణే తేల్చింది. ధరలు ఆకాశాన్నంటి, మళ్లీ తవ్వండి అని ఒత్తిడి వచ్చినా ఉత్పత్తి పెంచలేదు. 2023 అక్టోబరు 1న ఆపేశారు, మరుసటి ఏడాది మళ్లీ తెరవకుండా చట్టం చేశారు. ఆ ఇళ్ల గోడలు బాగుచేసే పని మాత్రం ఆ తర్వాత కూడా మిగిలే ఉంది.