రాగి రేడియేటరా, అల్యూమినియం రేడియేటరా?

[దృశ్యం: చెన్నై, పుదుపేట స్పేర్ పార్టుల వీధి. బల్ల మీద పక్కపక్కనే రాగి రేడియేటర్, అల్యూమినియం రేడియేటర్.]

నమస్తే అండీ. చెన్నైలో బండి వేడెక్కి రేడియేటర్ మార్చాల్సి వస్తే "రాగిదే వేయించు, ఇంకేదీ దానికి సాటిరాదు" అని చెప్పేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. లోహం వరకే చూస్తే ఆ మాట నిజం. ఉష్ణవాహకతలో, అంటే వేడిని మోసుకెళ్లే శక్తిలో (మీటర్‌కు, కెల్విన్‌కు ఇన్ని వాట్లు అని కొలుస్తారు), రాగి అంకె దాదాపు 400, స్వచ్ఛమైన అల్యూమినియంది 237. మరి కొత్త కార్లలో అల్యూమినియమే ఎందుకొస్తోంది?

[క్లోజప్: అడ్డంగా కోసిన రాగి కోర్ (రేడియేటర్ మధ్యభాగం)]

ఇక్కడ బాగా చూడండి. రాగిది అంటాం గానీ, నీళ్లు పారే గొట్టాలు ఇత్తడివి. రాగి ఉన్నది ఫిన్స్‌లోనే, అంటే గొట్టాల మధ్యనున్న పలుచని రేకుల్లోనే. రెండింటినీ అతికించింది సీసం, తగరం కలిపిన మాటు. ఇత్తడి అంకె 120 దగ్గర, మాటుది సుమారు 50. అసలు ఆలస్యం వీటి వల్ల కాదు, గాలి దగ్గర జరుగుతుంది. ఫిన్స్‌లోని వేడిని గాలి అందుకోవడమే నెమ్మది. అందుకే లోహం కన్నా గాలి తగిలే వైశాల్యం ఎంతన్నదే ముఖ్యం.

అల్యూమినియం కోర్‌లో గొట్టాలనూ ఫిన్స్‌నూ సుమారు 600 డిగ్రీల కొలిమిలో ఒకేసారి అతికిస్తారు. గొట్టాలు వెడల్పుగా పెట్టొచ్చు, అంటే ఆ వైశాల్యం పెంచుకోవచ్చు. ఘనపరిమాణం ఒకటే అయితే బరువు రాగిలో మూడో వంతుకు కొంచెం తక్కువే.

[దృశ్యం: మాటు వేస్తున్న చేతులు]

రాగి గెలిచేది రిపేరులో. పాత అంబాసిడర్‌కో ట్రాక్టర్‌కో కారితే, మాటు వేయించి మళ్లీ నడుపుకోవచ్చు. దాన్ని పారేయకండి, నా మాట వినండి! అల్యూమినియం కోర్‌కు ప్లాస్టిక్ ట్యాంకు ఉంటే, అది పగిలాక సాధారణంగా మార్చడమే.

కొత్త కారైతే కంపెనీ ఇచ్చిన రకమే వేయించండి. కానీ ఒక్కటి మాత్రం దయచేసి చేయకండి: బోరు నీళ్లు పోయకండి. సముద్రం పక్కనున్న ఊరు మనది, చాలా బోర్లలో ఉప్పు. ఆ ఉప్పులోని క్లోరైడ్ అల్యూమినియానికి చిల్లులు పెడుతుంది, గార గొట్టాలను పూడ్చేస్తుంది. బండి పుస్తకంలో చెప్పిన కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి పోయండి. రంగు ఒకటే కదా అని రెండు రకాలు కలపొద్దు.

[దృశ్యం: మౌంట్ రోడ్డు, ఆగిపోయిన ట్రాఫిక్]

పాతది ఊడదీయించే ముందు ఫ్యాన్, థర్మోస్టాట్ (ఇంజన్ వేడిని బట్టి కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే కవాటం) చూపించుకోండి. ఇలాంటి ట్రాఫిక్‌లో కోర్‌లోకి గాలిని లాగేది ఆ ఫ్యానే. అది తిరగకపోతే రాగి వేసినా బండి వేడెక్కుతుంది.