కాపలా కూర్చున్న మనిషి

అందరికీ నమస్కారం. తనంతట తానే నడిచే కార్ల సెన్సార్ల గురించి, కెమెరాల గురించి పొద్దున్నుంచి చాలా విన్నారు. నేను ఆ కార్ల పరీక్షల్లో స్టీరింగ్ ముందు ఊరికే కూర్చునే మనిషి గురించి మాట్లాడతాను.

2018 మార్చి 18 రాత్రి. అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, టెంపీ. ఉబర్ పరీక్షిస్తున్న కారు గంటకు సుమారు 70 కిలోమీటర్ల వేగంతో తనంతట తానే వెళ్తోంది. ఒక మహిళ సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతోంది. గుద్దుకోవడానికి 5.6 సెకన్ల ముందే రాడార్ ఆమెను పసిగట్టింది. సాఫ్ట్‌వేర్ మాత్రం ఒకసారి వాహనం అనుకుంది, ఇంకోసారి ఏదో వస్తువు అనుకుంది, ఆపైన సైకిల్ అనుకుంది. అలా మాట మార్చిన ప్రతిసారీ, అంతవరకు ఆమె ఎటు కదిలిందో వదిలేసి లెక్క మళ్లీ మొదలుపెట్టింది. జీబ్రా క్రాసింగ్ లేనిచోట మనిషి రోడ్డు దాటుతాడన్న ఊహే అందులో లేదు. ఆ కారు వోల్వోది, దానికి సొంతంగా ఉన్న ఆటోమేటిక్ బ్రేకును, కంప్యూటర్ నడిపేటప్పుడు పనిచేయకుండా ఆపేశారు.

ఇక మిగిలింది సేఫ్టీ డ్రైవర్, అంటే అవసరమైతే కారును తన చేతిలోకి తీసుకోవడానికి కూర్చున్న మనిషి. ఆమె చూపు ఫోన్ మీద ఉంది. ఆ తప్పు చిన్నదని నేను అనను. దర్యాప్తు చేసిన ఎన్‌టీఎస్‌బీ (అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు) కూడా అనలేదు. కానీ ఆ బోర్డు అక్కడితో ఆగలేదు. యంత్రం మీద భరోసా పెరిగేకొద్దీ మనిషి పడే ఏమరుపాటుకు ఉబర్ తగిన ఏర్పాటు చేయలేదని చెప్పింది. అంతకుముందు కారులో ఇద్దరు కూర్చునేవారు. వాళ్లను ఒక్కరికి తగ్గించారు.

ఈ ఏమరుపాటు కొత్త సంగతి కాదు. బ్రిటన్ మనస్తత్వవేత్త నార్మన్ మాక్‌వర్త్ 1948లోనే ఒక ప్రయోగంలో చూపించాడు. గడియారం లాంటి పలక మీద ముల్లు టిక్కు టిక్కుమంటూ కదులుతుంది. ఎప్పుడో ఒకసారి రెట్టింపు దూరం దూకుతుంది. దాన్ని కనిపెట్టడమే పని. అరగంట తిరక్కుండానే జనం ఆ దూకడాన్ని ఎక్కువగా గమనించకుండా వదిలేయడం మొదలుపెట్టారు. బద్ధకం వల్ల కాదు, మనసు తీరే అంత. కారు ఎంత బాగా నడిస్తే ఆ ముల్లు అంత అరుదుగా దూకుతుంది, అంత కష్టమవుతుంది కాపలా.

ప్రమాదం తర్వాత ఉబర్ ఇద్దరిని మళ్లీ కూర్చోబెట్టింది, వోల్వో బ్రేకును పనిచేయనిచ్చింది. రెండూ ముందే చేయగలిగినవే, అదే నన్ను బాధిస్తుంది.

పరీక్షలు నడిపేవాళ్లను ఒకటే అడుగుతున్నాను. షిఫ్టు మధ్యలో డ్రైవర్ వచ్చి "నా దృష్టి నిలవట్లేదు, కారు ఆపేస్తున్నా" అంటే ఎవరికి చెప్పాలి, ఆ రోజు జీతం ఏమవుతుంది? కారు బయటికి తీసేముందు ఈ రెండూ కాగితం మీద రాసి, ఆ డ్రైవర్ చేతికివ్వండి.