టొరంటోలో చివరి మూడు ఇన్నింగ్స్

శ్రోతలందరికీ నమస్కారం. ఈ శుక్రవారం మా సియాటిల్ బేస్‌బాల్ జట్టు మారినర్స్ టొరంటోలో ఆడబోతున్నారు. అక్కడి జట్టు బ్లూ జేస్‌తో వరసగా మూడు రోజులు, మూడు మ్యాచ్‌లు, మూడూ వాళ్ళ గడ్డ మీదే. ఇక్కడి అభిమానుల్లో ఎవరిని కదిపినా టెన్షనే. నేను మాత్రం మూడింట రెండు మావే అంటున్నాను. ఎందుకో చెబుతాను.

బేస్‌బాల్ చూడనివాళ్ళ కోసం ముందు ఒక్క మాట. ఈ ఆటలో టాస్ లేదు. ఒక్కో ఇన్నింగ్స్‌లో రెండు జట్లూ బ్యాటింగ్ చేస్తాయి, మూడేసి అవుట్లు అయ్యేదాకా. అలా తొమ్మిది ఇన్నింగ్స్. బంతి వేసేవాడు పిచర్. బ్యాటింగ్ చేసేవాడు మూడు బేసులూ దాటి, మొదలుపెట్టిన చోటికి, అంటే ‘ఇంటికి’ తిరిగొస్తే ఒక పరుగు. బంతిని మైదానం దాటించి కొడితే హోమ్ రన్, బేసుల మీదున్నవాళ్ళంతా అతనితో పాటు ఇంటికొచ్చేస్తారు. వచ్చినవాళ్ళు ముందు, సొంత మైదానం వాళ్ళు తరవాత, ఎక్కడాడినా అంతే. అంటే బయట ఆడినప్పుడు చివరి బ్యాటింగ్ వాళ్ళదే. మేం ఎన్ని పరుగులు చేసినా, ఎంత ముందున్నా, చివరి బ్యాటింగ్ వాళ్ళదే. మూడు గంటల టైమ్ తేడా, విమాన ప్రయాణం, హోటల్ నిద్ర, అక్కడి కృత్రిమ పచ్చిక, ఇవన్నీ ఉంటాయి. కానీ సీజన్‌లో 162 మ్యాచ్‌లుంటే అందులో సగం బయటే ఆడతారు. వాటికి అలవాటు పడిపోయి ఉంటారు. చివరి బ్యాటింగ్ సంగతికి మాత్రం ఎవరూ అలవాటు పడలేరు.

ఇప్పుడు నాకు ప్రాణంలాంటి మ్యాచ్ గురించి చెబుతాను. 2022 అక్టోబర్ 8, ఇదే టొరంటో. 2001 తరవాత మా జట్టు ప్లేఆఫ్స్‌కి, అంటే సీజన్ అయ్యాక టైటిల్ కోసం మేటి జట్లు ఆడే మ్యాచ్‌లకి, చేరింది ఆ ఏడాదే. ముందురోజు లూయిస్ కాస్టియో అద్భుతంగా బంతులు వేసి 4-0తో గెలిపించాడు. రెండోది కూడా గెలిస్తే సిరీస్ మాదే.

రెండో రోజు మొదటినుంచీ అన్నీ ఎదురే. వాళ్ళ టియోస్కార్ హెర్నాండెజ్ రెండు హోమ్ రన్లు కొట్టాడు. ఐదో ఇన్నింగ్స్‌లో మా అప్పటి మేనేజర్ స్కాట్ సర్విస్, మామూలుగా ఆఖర్న దింపే పిచర్ పాల్ సెవాల్డ్‌ని అప్పుడే దింపేశాడు. అతనూ ఆపలేకపోయాడు. ఐదో ఇన్నింగ్స్ అయ్యేసరికి 8-1. మైదానంలో 47 వేల మంది, చెవులు చిల్లులు పడే గోల.

ఆరో ఇన్నింగ్స్‌లో మాకు ముందు ఒక పరుగు వచ్చింది, ఆ వెంటనే మా కార్లోస్ సాంటానా మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు. 8-5. వాళ్ళు ఇంకోటి కలిపారు. 9-5.

ఇక ఎనిమిదో ఇన్నింగ్స్. ఒక పరుగు వచ్చింది, 9-6. మూడు బేసుల మీదా మావాళ్ళే. ఇద్దరు అవుట్. బ్యాట్ పట్టుకున్నది జె.పి. క్రాఫర్డ్. బంతి బ్యాట్‌కి సరిగ్గా తగల్లేదు. మెల్లగా గాల్లోకి లేచి, మైదానం మధ్యలో ఎవరూ లేని చోటికి దిగుతోంది. వాళ్ళ బో బిషెట్ వెనక్కి పరిగెత్తుతున్నాడు, కళ్ళు ఆకాశం మీద. వాళ్ళదే జార్జ్ స్ప్రింగర్ ముందుకి పరిగెత్తుతున్నాడు, కళ్ళు ఆకాశం మీద. ఇద్దరూ గుద్దుకున్నారు. బంతి నేల మీద పడింది. ఇద్దరు అవుటైపోయాక బేసుల మీదున్నవాళ్ళు ఇంక దేనికోసమూ ఆగరు, బ్యాట్ తగలగానే పరుగు అందుకుంటారు. అందుకే ముగ్గురూ ఇంటికొచ్చేశారు. 9-9. అంత గోల చేసిన జనం నోరు మెదపలేదు. స్ప్రింగర్‌ని బండి మీద బయటికి తీసుకెళ్ళారు. ఆ దృశ్యం చూస్తుంటే మాకూ బాధేసింది.

తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మా కాల్ రాలీ రెండో బేస్‌కి చేరాడు. ఆడమ్ ఫ్రేజర్ కొట్టిన దెబ్బకి ఇంటికొచ్చాడు. 10-9.

అయినా చివరి బ్యాటింగ్ వాళ్ళదేగా! ఆఖరి అవుట్ల కోసం వచ్చింది జార్జ్ కర్బీ, 24 ఏళ్ళ కుర్రాడు, బేస్‌బాల్ అగ్ర లీగ్ అయిన మేజర్ లీగ్‌లో అదే మొదటి ఏడాది. ఎప్పుడూ మ్యాచ్ మొదలుపెట్టే పిచర్ గానీ ముగించే పిచర్ కాదు. ముగించాడు. సిరీస్ మాదైంది.

రెండో వైపు కూడా చెప్పాలి. 2025 అక్టోబర్ 20, మళ్ళీ టొరంటో, ప్లేఆఫ్ సిరీస్‌లో ఆఖరిదైన ఏడో మ్యాచ్. గెలిచినవాళ్ళు ఫైనల్‌కి, అంటే వరల్డ్ సిరీస్‌కి వెళ్తారు. మేజర్ లీగ్ ముప్ఫై జట్లలో ఇప్పటిదాకా వరల్డ్ సిరీస్ ఆడనిది మా ఒక్క జట్టే. ఆ రోజు ఏడో ఇన్నింగ్స్‌లో 3-1తో ముందున్నాం. ఇంకో ఎనిమిది అవుట్లు చాలు. స్ప్రింగర్ మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు. అవును, 2022లో బండి మీద వెళ్ళిన ఆ స్ప్రింగరే. 4-3తో ఓడిపోయాం. మ్యాచ్‌లు ముగించే మా పిచర్ ఆండ్రెస్ మునోజ్‌ని ఆ క్షణంలో దింపలేదు, తరవాతి ఇన్నింగ్స్‌ల కోసం అట్టేపెట్టారు. అది తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది.

అయితే లెక్క చూడండి. ఆ రెండు ప్లేఆఫ్స్‌లో టొరంటోలో మేం ఆడినవి ఆరు, గెలిచినవి నాలుగు. ఆ మైదానం మాకు అచ్చిరానిదేం కాదు. నా నమ్మకానికి ఆధారం అదే.

ఈసారి మేనేజర్‌ని నేను కోరేది ఒక్కటే. బయటి మైదానంలో ఉత్తమ పిచర్‌ని తొమ్మిదో ఇన్నింగ్స్ కోసం దాచొద్దు. ప్రమాదం ఏడో ఇన్నింగ్స్‌లో వస్తే అతన్ని ఏడో ఇన్నింగ్స్‌లోనే దింపాలి. 2022లో సెవాల్డ్‌ని ముందే దింపితే ఫలించలేదు కదా అంటారేమో. నిజమే, ఫలించలేదు. అయినా ఆ ఆలోచన సరైందే అంటాను. తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా ఆధిక్యం మిగులుతుందన్న హామీ ఎవరిస్తారు? చివరి బ్యాటింగ్ వాళ్ళదే!

మ్యాచ్ మొదలయ్యేది టొరంటోలో శుక్రవారం రాత్రి 7:07కి. సియాటిల్‌లో అప్పుడు సాయంత్రం 4:07, మా రెడ్‌మండ్, బెల్‌వ్యూ తెలుగువాళ్ళలో చాలామంది ఇంకా ఆఫీసుల్లోనే ఉంటారు. ఇండియాలో వింటున్నవాళ్ళకి శనివారం తెల్లవారుజాము 4:37. అంత పొద్దున్నే లేవక్కర్లేదు. ఆరుంబావుకి కాఫీ కలుపుకుని ఫోన్‌లో స్కోరు తెరవండి. కాస్త అటూ ఇటూగా ఏడో ఇన్నింగ్స్ నడుస్తూ ఉంటుంది. అప్పటికి మేం ముందుంటే, బంతి వేయడానికి ఎవరొస్తున్నారో గమనించండి. సెలవు.