మెనోపాజ్ రోజుల్లో యోగా

శ్రోతలకు నమస్కారం. నడివయసు ఆడవాళ్లు చాలామంది ఇంట్లో కూడా చెప్పుకోని ఇబ్బంది ఒకటుంది. అర్ధరాత్రి ఉన్నట్టుండి ఛాతీ నుంచి ముఖం దాకా వేడి కమ్మేస్తుంది, బట్టలు చెమటకు తడిసిపోతాయి, కాసేపటికే చలి. ఇక నిద్ర పట్టదు. తెల్లవారితే నీరసం, చిరాకు, కారణం తెలియని టెన్షన్.

వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టు లెక్క. ఎక్కువమందికి 45, 55 ఏళ్ల మధ్య వస్తుంది. అంతకు కొన్నేళ్ల ముందు నుంచే ఈస్ట్రోజెన్ హార్మోన్ పెరుగుతూ తరుగుతూ చివరికి బాగా పడిపోతుంది. దాంతో ఒంటి వేడిని అదుపులో ఉంచే మెదడు భాగం అతి సున్నితంగా మారుతుంది. వేడి ఏ కాస్త పెరిగినా చెమట పట్టిస్తుంది. అవే వేడి ఆవిర్లు. కాబట్టి, అమ్మా, ఇదంతా మీ ఊహ అని ఎవరన్నా నమ్మకండి.

యోగాతో ఈ ఆవిర్లు పోతాయని చాలామంది చెబుతుంటారు. నేను ఆ హామీ ఇవ్వలేను. 2014లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో 12 వారాలు యోగా చేసినా ఆవిర్లు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. తగ్గింది నిద్రలేమి. నాకైతే అదే పెద్ద ఊరట అనిపిస్తుంది. ఎందుకంటే నిద్ర చెడితే మిగతా బాధలన్నీ రెట్టింపవుతాయి.

అందుకే పడుకునే ముందు ఒక పావుగంట కేటాయించుకోండి. గోడ పక్కన వెల్లకిలా పడుకుని, కాళ్లు పైకెత్తి గోడకు ఆనించండి. నడుము కింద మడత పెట్టిన దుప్పటి ఉంటే హాయిగా ఉంటుంది. ఇది విపరీతకరణికి తేలిక రూపం. ముక్కుతో గాలి పీల్చి, పీల్చిన దానికంటే ఎక్కువసేపు నెమ్మదిగా వదలండి. ఊపిరి అలా నిదానించే కొద్దీ గుండె వేగమూ నెమ్మదిస్తుంది. తర్వాత లేచి కూర్చుని, పెదాలు మూసి తుమ్మెదలా సన్నగా ఝుంకారం చేస్తూ గాలి వదలండి, అది భ్రామరి. చివర ఒళ్లంతా వదులు చేసి వెల్లకిలా పడుకునే శవాసనం. రాత్రి ఆవిరి వచ్చి మెలకువైనప్పుడు కూడా కంగారు పడకుండా ఇలాగే నిదానంగా గాలి పీల్చి వదలండి. గదిని వేడెక్కించి చేయించే యోగా మాత్రం ఇప్పుడు వద్దు.

పగటి పూట వీరభద్రాసనం, వృక్షాసనం వంటి నిలబడి వేసే ఆసనాలు వేస్తే కాళ్లకు బలం, ఒంటికి నిలకడ వస్తాయి. ఈస్ట్రోజెన్ తగ్గాక ఎముకలు పలచబడతాయి కనుక కింద పడకుండా ఉండటం చాలా ముఖ్యం. గోడ పట్టుకుని వేసినా తప్పులేదు. ఎముకలు ఇప్పటికే గుల్లబారాయని తెలిస్తే, పశ్చిమోత్తానాసనంలా ముందుకు బాగా వంగేవి, నడుమును గట్టిగా మెలితిప్పేవి మానేయండి. వెన్నుపూస విరిగే ప్రమాదం ఉంది. గ్లకోమా అనే కంటి జబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు కాళ్లు పైకెత్తే, తల కిందికి దించే ఆసనాలు డాక్టరును అడగకుండా వేయకండి.

ఆవిర్లు భరించలేనంతగా ఉంటే ఓర్చుకుంటూ కూర్చోవద్దు. హార్మోన్ చికిత్స ఉంది, అది సరిపడనివాళ్లకు వేరే మందులూ ఉన్నాయి. నెలసరి ఆగిపోయి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనిపిస్తే, అది ఒక్క చుక్కయినా సరే, ఆలస్యం చేయకుండా గైనకాలజిస్టుకు చూపించుకోండి.