జాబ్ కార్డు మీద సంతకం పెట్టే ముందు

శ్రోతలకు నమస్కారం.

వారంటీ ఉన్నన్నాళ్లూ కారు సర్వీసు గురించి పెద్దగా ఆలోచించం. షోరూం వాళ్లే ఫోన్ చేస్తారు, తీసుకెళ్తాం, తెచ్చుకుంటాం. వారంటీ అయిపోయాక వచ్చే మొదటి బిల్లుతో అసలు టెన్షన్ మొదలవుతుంది. ఇంత డబ్బు షోరూంలోనే పొయ్యాలా? బయట ఓ మంచి మెకానిక్‌కి ఇస్తే సరిపోదా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. షోరూమా, బయటా అని కారు మొత్తానికి ఒకే తీర్పు ఇవ్వక్కర్లేదు. బిల్లులో ఒక్కో లైనుకీ ఒక్కో జవాబు ఉంటుంది.

బ్రేక్ ఆయిల్ సంగతే చూడండి. బానెట్ ఎత్తితే, ఓ మూలగా, లోపలి ద్రవం మసగ్గా కనిపించే చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. దాని మీద రెండు గీతలు, మ్యాక్స్, మిన్. మీరు పెడల్ తొక్కితే ఆ ఒత్తిడిని చక్రాల దాకా మోసుకెళ్లేది ఆ ద్రవమే. ద్రవాన్ని నొక్కితే అణగదు కాబట్టే బ్రేక్ పడుతోంది.

అయితే ఈ ఆయిల్‌కి ఓ గుణం ఉంది. గాలిలో తేమను పీల్చుకుంటుంది. మూత బిగించి ఉన్నా సరే, రబ్బరు గొట్టాల్లోంచి కూడా తేమ మెల్లమెల్లగా చేరుతూనే ఉంటుంది. చాలా కార్లలో వాడేది డాట్ 4 రకం. కొత్తగా ఉన్నప్పుడు అది కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. అందులో నాలుగు శాతం లోపు నీరు చేరినా చాలు, ఆ హద్దు 155కి పడిపోతుంది. రోజూ ఆఫీసుకు వెళ్లొచ్చేవాళ్లకు ఈ తేడా తెలియనే తెలియదు. ఘాట్ రోడ్డులో బ్రేక్ తొక్కుతూ తొక్కుతూ దిగేటప్పుడు తెలుస్తుంది. చక్రాల దగ్గర వేడెక్కి ఆయిల్ మరుగుతుంది, బుడగలు పుడతాయి. ఆవిరిని నొక్కితే అణిగిపోతుంది. పెడల్ కిందికి పోతుంది, బండి మాత్రం ఆగదు.

అందుకే చాలా కంపెనీలు, కారు ఎంత తక్కువ తిరిగినా సరే, రెండేళ్లకో మూడేళ్లకో దీన్ని మార్చమంటాయి. మరి ఇది షోరూంలోనే చేయించాలా? అక్కర్లేదు. పని తెలిసిన మెకానిక్ ఎవరైనా చేస్తాడు. ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు ఉన్న కొన్ని కార్లకు ఈ పనిలో స్కానర్, అంటే కారు కంప్యూటర్‌కి తగిలించే పరికరం కావాలి, అది ఉందో లేదో అడగండి. సీలున్న డబ్బా మీ ఎదురుగా తెరవమనండి, ఎందుకంటే తెరిచి పెట్టిన డబ్బా కూడా తేమ పీలుస్తుంది. చోటు మారినా ఫర్వాలేదు, పని మాత్రం మానకూడదు.

ఇక బిల్లులో దీనికి పూర్తిగా వ్యతిరేకమైన లైన్లు కొన్నుంటాయి. ఇంజెక్టర్ క్లీనింగ్, ఇంజన్ ఫ్లష్, ఫలానా కోటింగ్, ఫలానా ట్రీట్‌మెంట్. వీటిలో చాలావరకు కంపెనీ ఇచ్చిన మాన్యువల్లో వెతికినా కనిపించవు. సర్వీస్ అడ్వైజర్ల మీద చాలాచోట్ల అమ్మకాల టార్గెట్ ఉంటుంది, పాపం వాళ్లను అని లాభం లేదు. "ఇది మాన్యువల్లో ఏ పేజీలో ఉందండీ?" అని నవ్వుతూ అడగండి. సగం లైన్లు అక్కడే రాలిపోతాయి. నాకు మరీ విడ్డూరంగా అనిపించేది ఏసీ ఫిల్టర్ మార్చినందుకు వేసే లేబర్ ఛార్జీ. చాలా కార్లలో అది గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు.

షోరూంకే వెళ్లాల్సినవీ ఉన్నాయి. రీకాల్, అంటే తయారీ లోపం సరిచేయడానికి కంపెనీయే కార్లను వెనక్కి పిలిచే పని, సాధారణంగా ఉచితం, ఆ ఉత్తరం వస్తే వెంటనే వెళ్లండి. ఎయిర్‌బ్యాగు, కంపెనీ సాఫ్ట్‌వేరు, హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల పెద్ద బ్యాటరీ, వీటిలో ప్రయోగాలొద్దు. ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకుని ఉంటే దాని షరతులు చదవండి. సర్వీసు ఎక్కడ చేయించాలో అందులోనే రాసి ఉంటుంది. బయట చేయించినా, తారీఖు, కిలోమీటర్లు, వేసిన ఇంజన్ ఆయిల్ గ్రేడు ఉన్న బిల్లు అడిగి దాచుకోండి. మాన్యువల్ 0డబ్ల్యూ-20 గ్రేడు అంటే 0డబ్ల్యూ-20నే. "అన్నీ ఒకటే సార్" అనే మెకానిక్ దగ్గర నేనైతే బండి పెట్టను.

వచ్చే సర్వీసుకు చేయాల్సింది ఒక్కటే. మాన్యువల్లో సర్వీసు షెడ్యూల్ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకెళ్లండి. జాబ్ కార్డు, అంటే మీ కారుకు చేయబోయే పనులన్నీ రాసి మీ చేత సంతకం పెట్టించుకునే కాగితం, పక్కన పెట్టి లైను లైనూ చూడండి. పేజీలో ఉన్నదానికి సరే అనండి, లేనిదానికి కారణం అడగండి. తర్వాత ఆ కార్డు మీదే, "ఫోన్ చేసి అడగకుండా అదనపు పని చేయవద్దు, తీసిన పాత భాగాలు డిక్కీలో పెట్టాలి" అని రాయించి, అప్పుడు సంతకం పెట్టండి. తాళం ఆ తర్వాతే ఇవ్వండి.

నమస్కారం.