అరెస్టు మెమోలో రాయవలసిన గంట

శ్రోతలకు నమస్కారం. గట్టు తగాదా కావచ్చు, వంతు నీటి గొడవ కావచ్చు, రొయ్యల చెరువు లీజు పేచీ కావచ్చు, మన డెల్టా గ్రామాల్లో "ఒకసారి స్టేషనుకు వచ్చి వెళ్లమన్నారు" అనే కబురు కొత్తది కాదు. అలా వెళ్లిన మనిషి రాత్రికి ఇల్లు చేరకపోతే ఇంట్లోవాళ్లు ఏం చేయాలన్నదే ఈనాటి విషయం.

1987 డిసెంబరు 1న ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లాలో, ఒక దొంగతనం కేసు దర్యాప్తులో భాగంగా 22 ఏళ్ల యువకుణ్ణి పోలీసులు ఔట్‌పోస్టుకు తీసుకువెళ్లారు. ఆ రాత్రి తల్లి నీలబతి బెహరా అన్నం పట్టుకెళ్లి పెడితే కొడుకు తిన్నాడు. మర్నాడు రైలు పట్టాల మీద శవమై కనిపించాడు. కట్టిన తాడును పళ్లతో కొరికి, తెల్లవారుజామున మూడు గంటల వేళ పారిపోయి రైలు కింద పడ్డాడని పోలీసులు చెప్పారు. 1988లో ఆ తల్లి సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసింది. కేవలం ఒక ఉత్తరం. కోర్టు దానినే రిట్ పిటిషన్‌గా, అంటే హక్కుల రక్షణ కోరుతూ వేసే అర్జీగా స్వీకరించి, జిల్లా జడ్జి చేత విచారణ జరిపించింది. ఆ గాయాలు లాఠీ దెబ్బల వల్ల తగిలి ఉండవచ్చని శవపరీక్ష చేసిన డాక్టరు సాక్ష్యమిచ్చారు. రాష్ట్ర ప్రభుత్వం ఆమెకు 1,50,000 రూపాయల పరిహారం చెల్లించాలని 1993లో తీర్పు వచ్చింది. ఒక బిడ్డ ప్రాణానికి అది ఏపాటిదని మనసు బాధపడుతుంది. అయినా, కొడుకు తమ అధీనంలో ఉన్నాడని పోలీసులే ఒప్పుకున్నందువల్ల, అతడు తప్పించుకున్నాడని రుజువు చేయవలసిన భారం వారి మీదే పడిందన్న సంగతిని మనం గట్టిగా పట్టుకోవాలి.

"మేము తీసుకురానేలేదు", "తెచ్చింది నిన్న కాదు, ఈ రోజు" అనే మాటలు వచ్చినప్పుడు బాధితుల కేసులు బలహీనపడతాయి. అందుకే గంట ముఖ్యం. అరెస్టు చేసేటప్పుడే, అరెస్టు సమయం, తేదీ వేసి, కుటుంబ సభ్యుడో ఊళ్లోని పెద్దమనిషో సాక్షిగా సంతకం చేసే మెమో (అరెస్టు పత్రం) తయారు కావాలని, పట్టుబడిన మనిషి కూడా అందులో సంతకం చేయాలని డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే క్రిమినల్ ప్రొసీజర్ చట్టంలోనూ ఆ నియమం ఉంది. ప్రయాణ సమయం మినహా 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి.

కనుక మీ మనిషిని ఎన్ని గంటలకు, ఎవరు, ఏ నంబరు బండిలో తీసుకువెళ్లారో అప్పటికప్పుడే కాగితం మీద రాసుకోండి. మెమో గురించి మర్యాదగానే, కానీ తప్పకుండా అడగండి. దెబ్బలు తగిలి ఉంటే, ఆ సంగతి మేజిస్ట్రేటుకు చెప్పి డాక్టరు పరీక్ష కోరమని మీ మనిషికి చెప్పండి. వకీలుకు ఇచ్చుకోలేనివారు అమలాపురం, భీమవరం వంటి కోర్టుల్లోని మండల న్యాయ సేవా కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు. పోలీసుల నిర్బంధంలో ఉన్నవారికి ఆ సహాయం ఉచితంగా అందుతుంది.